గుసగుస పాటలు, సాంచా చెవులు

ఈ నెల పాటల సంగతి రాస్తున్న. బతుకమ్మ పాటలు కావు, భజన పాటలు కావు. అమెరికాలో ఒక పిల్ల పాడిన రికార్డుల సంగతి. ఈ ముసలాయనకు ఏం పొయ్యేకాలం వచ్చింది అని కొందరు అనుకుంటరు. అనుకోండి, కానీ సగంలో ఆపకండి. ఇందులో మన చెవుల ముచ్చట కూడా ఉన్నది.

మా మనవరాలు కాలేజీకి పోతది. ఎప్పుడు చూసినా చెవుల్లో ఇయర్‌ఫోన్లే. మొన్న ఎండాకాలంలో ఒకనాడు నా పక్కన కూసొని "తాతా, ఈ పాట విను" అని ఒకటి నా చెవిలో పెట్టింది. నేను విన్న. తల ఊపిన. "బాగుంది బిడ్డా" అన్న. ఆమె నా మొఖం చూసి "పాట అయిపోయి ఎంతసేపాయె, ఇంకా తల ఊపుతున్నవేంది?" అన్నది.

దొరికిపోయిన. అడుగున గుబ్ గుబ్ మనే దెబ్బ తప్ప నాకు ఒక్క మాట వినపడలేదు. ఇంట్లో కొన్నేండ్ల నుంచి ఇదే నాటకం ఆడుతున్న. కోడలు ఏదన్నా అంటే "ఆఁ" అంట, కొడుకు ఏదన్నా అంటే నవ్వుత. గిరణిలో సాంచా ఖాతాలో ముప్పై ఒక్క ఏండ్లు పనిచేసినోని చెవులు ఎట్లుంటయో మీకు చెప్పే పనిలేదు. మీ ఇంట్లో కూడా ఒకరన్నా ఉంటరు.

ఆ పిల్ల పేరు బిల్లీ ఐలిష్. 2001 డిసెంబర్‌లో లాస్ ఏంజెలెస్‌లో పుట్టింది. ఆ ఊర్లో హైలాండ్ పార్క్ అనే పేటలో రెండు పడకగదుల చిన్న ఇల్లు వాళ్ళది. తల్లీ తండ్రీ ఇద్దరూ నటులే కానీ పెద్ద పేరున్నోళ్ళు కారు. తండ్రి ఇండ్లు కట్టే పని కూడా చేసేటోడు. పిల్లలను బడికి పంపకుండా ఇంట్లోనే చదివించిన్రు. ఉన్న రెండు గదులు కొడుక్కొకటి, బిడ్డకొకటి ఇచ్చి వాళ్ళు ముందటి గదిలో పడుకునేటోళ్ళు. ఈ మాట వినంగనే నాకు ఆ ఇంటిమీద ప్రేమ పుట్టింది. మన చాళ్లలో ఎవరికి తెల్వదు ఇది?

అన్న పేరు ఫినియస్. చెల్లెకంటే నాలుగేండ్లు పెద్ద. తన గదిలో మంచం పక్కన కంప్యూటరు, మైకు పెట్టుకొని పాటలు కట్టేటోడు. 2015లో తన బ్యాండు కోసం 'ఓషన్ ఐస్' అని ఒక పాట రాసుకున్నడు. డాన్సు నేర్పే మాస్టరుకు ఒక పాట కావాలంటే దాన్నే చెల్లెతో పాడించిండు. ఆమెకు అప్పటికి పదమూడేండ్లే. నవంబర్‌లో ఇంటర్నెట్‌లో పెడితే తెల్లారేసరికి ఎవరెవరో వింటున్నరు. ఆ తర్వాత తుంటి దగ్గర దెబ్బ తగిలి ఆమె డాన్సు ఆగిపోయింది. పాట మిగిలింది.

2017 ఆగస్టులో కొన్ని పాటలు కలిపి 'డోంట్ స్మైల్ ఎట్ మీ' అని చిన్న రికార్డు తెచ్చిన్రు. దానిమీద నేను ఎక్కువ చెప్పను, నాకు అంతగా అందలేదు. అసలుది 2019 మార్చి 29న వచ్చిన పెద్ద ఆల్బం. దాని పేరే బారెడు: 'వెన్ వి ఆల్ ఫాల్ అస్లీప్, వేర్ డు వి గో?' అందరం నిద్రపోయినంక ఎక్కడికి పోతం అని అడిగినట్టు. ఇదంతా కూడా ఆ పడకగదిలోనే చేసిన్రు. పెద్ద కంపెనీ వెనుక ఉన్నా, అద్దాల స్టూడియోకు పోలేదు.

మా మనవరాలు ఇది చెప్తుంటే నాకు మా నాయన ఇల్లు యాదికొచ్చింది. గిరణికి రాకముందు మా ఇంట్లో గుంత మగ్గం ఉండె. నాయన నేస్తుంటే అమ్మ కండెలు చుట్టేది, అక్క ఆసు పోసేది. అన్నం వండేది, పండేది, నేసేది అంతా ఒక్క అర్రలోనే. ఆ అన్నాచెల్లెండ్ల పని కూడా అట్లనే ఉన్నది. ఒకే మాటను ఆమెతో మళ్ళీ మళ్ళీ పాడించి, ఆ గొంతులన్నీ ఒకదానిమీద ఒకటి వేస్తడట. రెండు మూడు పోగులు కలిపి పురి పెట్టినట్టు. విడిగా చూస్తే సన్నపోగు, కలిపితే తెగదు.

ఇంకో సంగతి నాకు బాగా నచ్చింది. 'బెరీ ఎ ఫ్రెండ్' అనే పాటలో గుర్ర్ మని ఒక చప్పుడు వస్తది. అది పండ్ల డాక్టరు బర్మా చప్పుడు! ఆమె పండ్లకు అంటించినవి తీయించుకునేటప్పుడు ఫోనులో రికార్డు చేసుకున్నదట. 'బ్యాడ్ గై' అనే పాటలో టకటక మని వచ్చేది ఆస్ట్రేలియాలో సిడ్నీ పట్నంలో రోడ్డు దాటేటోళ్ళకు మోగే సిగ్నలు చప్పుడు. అంటే చుట్టూ ఉన్న మిషన్ల చప్పుడే పాటలో తాళం అయింది. మనం సాంచాల చప్పుడుకు కాలు ఆడించుకుంటూ కూనిరాగం తీసినోళ్ళమే కదా. ఎవరూ రికార్డు చెయ్యలేదు, అంతే.

'బ్యాడ్ గై' 2019 ఆగస్టులో అమెరికా పాటల పట్టికలో మొదటి స్థానానికి పోయింది. అంతకుముందు 'ఓల్డ్ టౌన్ రోడ్' అనే పాట 19 వారాలు అక్కడి నుంచి కదలలేదు, దాన్ని ఇది దించింది. 2020 జనవరిలో గ్రామీ బహుమతులు. ఆల్బం, రికార్డు, పాట, కొత్త కళాకారుడు అని అక్కడ నాలుగు పెద్ద బహుమతులుంటయి. నాలుగూ ఒక్క రాత్రే ఆమెకు వచ్చినయి. ఇంతకుముందు అట్ల వచ్చింది 1981లో క్రిస్టోఫర్ క్రాస్ అనే ఒకే ఒక్కనికి. ఆడమనిషికి రావడం ఇదే మొదలు. ఆమెకు పద్దెనిమిదేండ్లు. స్టేజీ మీద అన్న, ఇంట్ల పడకగదిలో కూసొని పాటలు చేసుకునే పిల్లలందరికీ ఇది అన్నడు.

ఇప్పుడు నా చెవుల సంగతికి వస్త. మనవరాలికి దొరికిపోయినంక కొడుకు నన్ను చెవుల డాక్టరు దగ్గరికి తీస్కపోయిండు. మూసిన గదిలో కూసోబెట్టి కీచ్ కీచ్ మని వినిపించి ఒక కాగితం మీద గీత గీసిన్రు. గీత మొదట బాగానే పోయి, సన్న చప్పుళ్ళ దగ్గరికి రాంగనే బావిలో పడ్డట్టు దిగింది. లావు చప్పుడు వినే శక్తి ఉన్నది, సన్నది పోయింది. స, శ, ఫ, ట అనే అక్షరాలు జారిపోతయట. మొగోళ్ళ లావు గొంతు అందుతది, ఆడపిల్లల మాట అందదు.

ఈ బిల్లీ పాడే తీరేమో గుసగుస. మైకు నోటికి దగ్గర పెట్టుకొని, పక్క గదిలో అమ్మానాయన పండుకున్నరేమో అన్నట్టు, ఊపిరితో పాడ్తది. అంటే నాకు పోయింది ఏదో ఆమె పాట మొత్తం దానితోనే నేసి ఉన్నది. లోకంలో ఇంతమంది పాడేటోళ్ళుంటే నా మనవరాలికి ఈమెనే నచ్చాల్నా అని నవ్వొచ్చింది.

చప్పుడుతో వచ్చే చెవుడు కార్ఖానా చట్టంలో రోగాల పట్టికలో ఉండె. మా ఖాతాలో ఆ మాట మాకు ఒక్కరూ చెప్పలేదు. పోనీలే అనడానికి నాకు మనసొప్పదు, అందుకే ఇక్కడ రాసిపెడుతున్న. మేమే దూది పీక్కొని చెవుల్లో కుక్కుకునేటోళ్ళం, జాబర్ పిలిస్తే వినపడదని మళ్ళీ తీసేటోళ్ళం.

కానీ ఆ ఖాతా ఒకటి నేర్పింది. పెదవులు చూసి మాట అందుకోవడం. బీము అయిపోయిందంటే ఒక సైగ, చాయ్ వచ్చిందంటే ఒక సైగ. ఇది మనవరాలికి చెప్పిన. అప్పటి నుంచి మేము కొత్తగా వింటున్నం. స్పీకరు పెట్టెను నా ఒళ్ళో పెడ్తది. లావు దెబ్బ చేతులకు తెలుస్తది. 'జానీ' అనే పాట ఒకటున్నది, మత్తు మాత్రలు మింగే దోస్తులను చూసి విసుగుపడే పాట. దాంట్లో బేసు గరగరమని పెట్టె పగిలిపోతదేమో అన్నట్టు వణుకుతది. అది నాకే ఆమెకంటే బాగా తెలుస్తది. ఇక మాటలకు మనవరాలు నా ఎదురుంగ కూసొని, చప్పుడు చెయ్యకుండా పెదవులతో తెలుగులో అర్థం చెప్తది. మొదట్లో పెద్దగా నోరు తెరిచి గేలి చేసినట్టు చెప్పేది. అట్ల కాదు, మామూలుగా మాట్లాడితేనే చదవొస్తది అని నేర్పిన.

అట్ల వింటూ వింటూ ఒక పాట దగ్గర ఇద్దరం ఆగినం. 2023 జూలైలో బార్బీ బొమ్మ సినిమాకు చేసింది, 'వాట్ వాజ్ ఐ మేడ్ ఫర్?' దాంట్లో దెబ్బ లేదు, పియానో, గుసగుస, అంతే. నా ఒళ్ళో పెట్టె ఊరికే కూసున్నది. ఆడుకునేటందుకు చేసిన బొమ్మ, నన్ను ఎందుకు చేసిన్రు, ఇప్పుడు నేను దేనికి అని అడుగుతది. మనవరాలి పెదవుల మీద అది చదివినంక నేను కాసేపు బయట అరుగు మీద కూసున్న. మా ఖాతా సాంచాలను తుక్కు కింద తూకమేసిన నాడు నేను గేటు దగ్గరనే ఉన్న. ఆ పాటకు 2024 మార్చిలో ఆస్కార్ వచ్చింది. జేమ్స్ బాండ్ సినిమాకు పాడిన 'నో టైమ్ టు డై'కి 2022లోనే ఒకటి వచ్చె. ఇరవై రెండేండ్లకే రెండు ఆస్కార్లు, అంత చిన్న వయసులో ఇంకెవరికీ రాలేదు.

2024 మే 17న 'హిట్ మీ హార్డ్ అండ్ సాఫ్ట్' వచ్చింది. పది పాటలు. ముందు ఒక్క పాట కూడా విడిగా వదలలేదు, మొత్తం ఒక్కసారే వినాలని. తాను ఒక్కో పోగు అమ్మకుండా తాను బట్టే అమ్మినట్టు. అదే ఏడు, ఒకే రికార్డును నలభై తీర్ల ముస్తాబు చేసి కొన్నోళ్ళతోనే మళ్ళీ కొనిపించే పద్ధతిని ఆమె తప్పుపట్టింది. తన రికార్డులను తిరగవాడిన ప్లాస్టిక్‌తో చేయిస్తది. ఆమెది కూడా ఒక్క రంగులో రాలేదు, అది వేరే మాట.

మనవరాలికి ఒక మాట గట్టిగానే చెప్పిన. 80 డెసిబెల్ చప్పుడు వారానికి 40 గంటలు, అంతకు మించొద్దు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తది. ఫోనులోనే చప్పుడుకు హద్దు పెట్టుకునే మీట ఉన్నది. నా కాగితం మీది గీత చూపిచ్చి, నాకు పగారు ఇచ్చి చెవులు తీసుకున్నరు, నువ్వు ఊరికే ఎందుకిస్తున్నవ్ అన్న. ఆమె ఏం మాట్లాడలేదు. నా ముందే మీట పెట్టుకున్నది.

నాకు నచ్చిన పాట మాత్రం 2021 జూలైలో వచ్చిన రెండో ఆల్బంలో ఉన్నది, ఆల్బం పేరూ పాట పేరూ ఒకటే, 'హ్యాపియర్ దెన్ ఎవర్'. సగం దాకా మెల్లగా గుసగుస. నాకు ఏమీ లేదు, మనవరాలి పెదవులే. ఆమె వేలు ఎత్తుతది, ఇగ వస్తుంది అని. అప్పుడు గిటార్లు, డ్రమ్ములు ఒక్కసారి పడ్తయి, ఆ పిల్ల గుసగుస విడిచిపెట్టి గొంతు చించుకొని అరుస్తది. అది నాకు వినపడ్తది. కోడలు వంటింట్ల నుంచి వచ్చి చప్పుడు తగ్గించమంటది. అదీ వినపడ్తది, కానీ వినపడనట్టు కూసుంట.