మచ్చేదో, చుక్కేదో

ఫోటోషాప్ కొత్త వెర్షన్ వచ్చిన ప్రతిసారీ మన క్లాసులో రెండు పార్టీలు తయారవుతాయి. ఒకటి "అబ్బ, ఎంత బాగుందో" పార్టీ. రెండోది "ఇక ఏ ఫోటోనూ నమ్మలేం" పార్టీ. నేను రెండింటిలోనూ చేరలేదు. వచ్చిన కొత్త సదుపాయాలన్నిటినీ ఒకే గంపలో వేసి, మంచివా చెడ్డవా అని అడగడమే సరికాదని నా అభిప్రాయం. ఒక్కొక్క మీటనూ విడిగా చూడాలి. అదీ మన రాజపాళయం ఇళ్ళల్లో, బీరువా మీద అట్టపెట్టెలో ఉన్న పాత ఫోటోలను ఎదురుగా పెట్టుకుని చూడాలి.

మన ఊరి ఫోటోలే ఎందుకంటారా? మనలో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడి, బళ్ళో తమిళం చదివినవాళ్ళమే. మా ఇంట్లో ఉత్తరాలు తమిళంలో, పాల లెక్క తమిళంలో, పెళ్ళి పత్రిక తమిళంలో. పోట్లాట మాత్రం తెలుగులో. ఆంధ్ర దేశం నుంచి ఎప్పుడో వచ్చి ఇక్కడ స్థిరపడ్డామని పెద్దవాళ్ళు చెప్పడమే గానీ, మా ఇంటి మనుషులు తమ సంగతులు తెలుగులో రాసి పెట్టిన కాగితం ఒక్కటీ నాకు దొరకలేదు. ఉన్నవి ఫోటోలే. పి.ఎస్. కుమారస్వామి రాజా గారి లాంటివాళ్ళ సంగతి వేరు. ఆయన 1949 నుంచి 1952 దాకా మద్రాసు ప్రభుత్వాన్ని నడిపిన మనిషి. ఆయన దానం చేసిన ఇంట్లోనే ఈ ఊళ్ళో గాంధీ కళా మండ్రం ఉంది. ఆయన ఫోటో ఒకటి పాడైనా పత్రికల్లో ఇంకో పది ఉంటాయి, ఎవరైనా మారిస్తే పట్టుకునేవాళ్ళూ ఉంటారు. మిల్లులో నూలు చుట్టిన తాతకి, పొలం చూసుకున్న అవ్వకి ఉండేది ఒక్క ఫోటో. దాన్ని మార్చేస్తే పక్కన పెట్టి పోల్చి చూసుకోవడానికి ఏమీ మిగలదు.

ఇప్పుడు మీటల దగ్గరికి వద్దాం.

ఫోటోషాప్ మొదటి వెర్షన్ 1990లో వచ్చింది. 2002లో హీలింగ్ బ్రష్ వచ్చింది. ముఖం మీద గీత ఉంటే, పక్కనే ఉన్న చర్మం నుంచి కొంచెం తీసి దాని మీద అతుకు వేస్తుంది. 2010లో కంటెంట్ అవేర్ ఫిల్ వచ్చింది. గోడకు తగిలించిన వైరు వద్దనుకుంటే, అదే ఫోటోలోని గోడను చూసి ఆ ఖాళీ నింపుతుంది. ఈ రెండూ ఎంత తెలివైనవైనా, అప్పు తీసుకునేది ఆ ఫోటో లోపలి నుంచే. చిరిగిన చీరకు ఆ చీర కొంగులోంచే ముక్క తీసి కుట్టినట్టు.

2023లో వచ్చిన జెనరేటివ్ ఫిల్ పద్ధతి వేరు. ఆ ఖాళీలో ఏముండాలో అది కొత్తగా తయారుచేస్తుంది. దాని వెనక ఉన్న ఫైర్‌ఫ్లై అనే మోడల్‌కి అడోబీ స్టాక్‌లోని బొమ్మలతో, కాపీరైట్ చిక్కు లేని ఇతర బొమ్మలతో శిక్షణ ఇచ్చామని కంపెనీయే చెబుతోంది. కాపీరైట్ విషయంలో అది మెచ్చుకోవలసిన సంగతే. కానీ మా అవ్వ ఫోటోలో మూల చిరిగిపోయి ఉంటే, ఆ మూలలో పుట్టే స్తంభమూ అరుగూ అమ్మకానికి పెట్టిన బొమ్మలను చూసి నేర్చుకున్నవి అవుతాయి. ఆ బొమ్మల్లో రాజపాళయం అరుగులెన్ని ఉంటాయి? ఫోటో అంచులు దాటి పెంచే జెనరేటివ్ ఎక్స్‌పాండ్ కూడా ఇంతే. పండగ పోస్టర్‌కి, రికార్డు నోట్‌బుక్ అట్టకి హాయిగా వాడుకోండి, నాకేం అభ్యంతరం లేదు. నేనూ వాడతాను. ఇంటి ఫోటోకి మాత్రం నా ఓటు హీలింగ్ బ్రష్‌కే.

దీన్ని ఊరికే సిద్ధాంతంగా చెప్పడం లేదు. మా అవ్వ వాళ్ళమ్మ ఫోటో ఒకటుంది, స్టూడియోలో కుర్చీ పక్కన నిలబడి తీయించుకున్నది. మా బావ దాన్ని ఫోన్‌లో ఏదో ఉచిత యాప్‌లో పెట్టాడు. పాత ఫోటోని ఒక్క నొక్కుతో కొత్తగా చేసేస్తుందని దాని ప్రచారం. నిజంగానే ముఖం తేటగా వచ్చింది, గీతలు పోయాయి. చీర ఆకాశ నీలం రంగులో మెరుస్తోంది. ఇంట్లో అందరం చుట్టూ చేరాం. అవ్వ ఫోన్‌ని దగ్గరికి, దూరానికి జరిపి చూసి, "చీర మీద చుక్కలేవే?" అంది. చూస్తే పాత ఫోటోలో చీర నిండా చిన్న చిన్న తెల్ల చుక్కలున్నాయి. యాప్ వాటిని దుమ్ము అనుకుని తుడిచేసింది. "అది దుమ్ము కాదే, సుంగుడి. అరక్కు రంగు. మా నాయన మదురై నుంచి తెచ్చినాడు" అంది అవ్వ.

మదురై సుంగుడి అంటే మీకు చెప్పక్కర్లేదు, మన ఇళ్ళల్లో ఇప్పటికీ ఉంటుంది. అక్కడి సౌరాష్ట్రులు గుడ్డను చిటికెడు చిటికెడుగా పట్టి, దారంతో ముడులు వేసి, రంగులో ముంచి తీస్తారు. ముడి ఉన్నచోట రంగు అంటదు, అదే చుక్క. చేత్తో వేసిన ముడులు కాబట్టి ఏ రెండు చుక్కలూ అచ్చుగుద్దినట్టు ఉండవు. సరిగ్గా ఆ ఎగుడుదిగుడే యంత్రానికి మురికిలా కనిపించి ఉంటుంది. ఫోటోషాప్‌లోనూ ఫోటో రెస్టొరేషన్ అని ఒక ఫిల్టర్ ఉంది, గీతలు ఎంత తగ్గించాలో అందులో మనమే జరుపుకునే మీట ఉంటుంది. ఆ మీట ఉండటం మంచిదే. దాన్ని ఎక్కడ ఆపాలో చెప్పగలిగేది మాత్రం ఆ చీరను చూసిన మనిషే.

రంగు సంగతి ఇంకా చిక్కు. నలుపు తెలుపు ఫోటోలో మిగిలేది వెలుతురు ఎంత పడిందన్న లెక్క ఒక్కటే. ఒకే మోతాదు వెలుతురు ఇచ్చే ఎరుపూ ఆకుపచ్చా ఒకే బూడిద రంగుగా పడతాయి. పైగా ఆర్థోక్రోమాటిక్ అని పాత రకం ఫిల్ము ఒకటి ఉండేది, దానికి ఎరుపు కనిపించదు. దాంతో తీస్తే కుంకుమ బొట్టు నల్లగా వస్తుంది, ఎర్ర చీర కూడా నల్లగానే వస్తుంది. అంటే కలరైజ్ అనే ఫిల్టర్ ఆ చీర రంగును కనిపెట్టడం లేదు, ఊహిస్తోంది. ఊహించడం నేరం కాదు. ఊహించానని చెప్పకపోవడమే నాకు నచ్చదు. ఆ నీలం రంగు తెర మీద ఎంత ధీమాగా కూర్చుందో చూడాలి!

"మరి మాయాబజార్‌కి రంగులు వేయలేదా?" అని మా స్నేహితురాలు అడిగింది. వేశారు. 1957 నాటి సినిమాకి రంగులద్ది 2010లో విడుదల చేశారు, మా ఇంట్లో కూడా ఇష్టంగానే చూశారు. (ఆ సినిమా తమిళంలోనూ తీశారు కాబట్టి మా ఇంట్లో ఏది గొప్పదన్న తగాదా ఇంకా తేలలేదు.) కానీ అక్కడ తేడా చూడండి. ఏ నగకి ఏ రంగు, ఏ పట్టుకి ఏ రంగు అని మనుషులు కూర్చుని తేల్చుకుని వేశారు. నలుపు తెలుపు సినిమా ఎక్కడికీ పోలేదు, అందరికీ దొరుకుతుంది. చూసేవాళ్ళకి ఇవి తర్వాత వేసిన రంగులని తెలుసు. మా ఇంటి అట్టపెట్టెకి ఈ మూడిట్లో ఏ రక్షణా లేదు.

రంగు కన్నా నన్ను భయపెట్టే మీట ఇంకొకటుంది. 2020లో వచ్చిన న్యూరల్ ఫిల్టర్లలో స్మార్ట్ పోర్ట్రెయిట్ అని ఉంది. సంతోషం, కోపం, వయసు, చూపు, అన్నిటికీ తలా ఒక మీట. సంతోషం మీటను కుడివైపు జరిపితే మనిషి నవ్వుతుంది. మన పాత ఫోటోల్లో ఆడవాళ్ళు ఎవరూ నవ్వరు, గమనించారా? కెమెరా కొత్త కావచ్చు, ఎదురుగా మామగారు నిలబడి ఉండవచ్చు, తీయించుకోవడమే ఇష్టం లేకపోయి ఉండవచ్చు. ఆ బిగించిన పెదాలకి ఏదో ఒక కారణం ఉంది. 2021లో ఇదే విషయం మీద పెద్ద గొడవ అయింది. కంబోడియాలో ఖ్మేర్ రూజ్ వాళ్ళు తువోల్ స్లెంగ్ జైల్లో పెట్టి చంపినవాళ్ళ ఫోటోలకి ఒకాయన రంగులు వేశాడు. వైస్ అనే పత్రిక వాటిని ప్రచురించింది. తీరా చూస్తే అసలు ఫోటోల్లో లేని నవ్వులు కొన్ని ముఖాల మీద ఉన్నాయి. చనిపోయినవాళ్ళ కుటుంబాలు, కంబోడియా ప్రభుత్వం మండిపడ్డాక పత్రిక వాటిని తీసేసింది. మన అవ్వలది జైలు కాదు, నిజమే. అయినా ఆ నవ్వు వాళ్ళది కాదన్న మాట ఇక్కడా అంతే నిజం.

ఇక 2025లో వచ్చిన హార్మొనైజ్. ఒక మనిషిని ఒక ఫోటోలోంచి కత్తిరించి ఇంకో ఫోటోలో పెడితే, అక్కడి వెలుతురుకీ నీడకీ తగ్గట్టు అదే సర్దేస్తుంది. దీని వాడకం మనకి స్టూడియోవాళ్ళు ఎప్పుడో చూపించారు. చనిపోయిన నాన్నని కూతురి పెళ్ళి ఫోటోలో నిలబెట్టడం. ఇదివరకు దానికి గంటలు పట్టేది, మెడ దగ్గర అతుకు తెలిసిపోయేది. ఇప్పుడు నిమిషాల పని, అతుకు తెలియదు. ఇక్కడ మాత్రం నేను గట్టిగా వద్దని చెప్పలేను. దండ వేసిన పటాన్ని పెళ్ళి పందిట్లో కుర్చీలో పెట్టే జనం మనం. ఆ కోరికే ఇది కూడా. "వాళ్ళు చూసుకుని ఏడ్చి తృప్తి పడుతుంటే మధ్యలో నీకేమిటి?" అని మా అమ్మ అడిగితే నా దగ్గర జవాబు లేదు. నేను అడిగేది ఒక్కటే. ముప్పై ఏళ్ళ తర్వాత ఆ అమ్మాయి మనవరాలు ఆ ఫోటో చూసి, ముత్తాత పెళ్ళికి ఉన్నాడనే అనుకుంటుంది. ఫోటో వెనక మెత్తని పెన్సిల్‌తో ఒక్క వాక్యం రాయడానికి ఎంతసేపు?

కంపెనీ కూడా ఈ పని చేస్తున్నానంటోంది. కంటెంట్ క్రెడెన్షియల్స్ పేరుతో, ఈ బొమ్మలో ఏఐ పని ఉందన్న సమాచారం ఫైలుకి జత చేస్తోంది. మంచి ఆలోచనే. కానీ మన ఊళ్ళో ఫోటో ఎలా తిరుగుతుంది? వాట్సాప్‌లో. అందులో మామూలుగా ఫోటో పంపితే ఫైలుతో ఉండే ఇలాంటి వివరాలు రాలిపోతాయి. ప్రింటు తీసి ఫ్రేము కట్టిస్తే అసలే ఉండవు. కాబట్టి పెన్సిలే నయం. ఇంకో సంగతి, జెనరేటివ్ ఫిల్ పని జరిగేది మన కంప్యూటర్‌లో కాదు, కంపెనీ సర్వర్లలో. 2024 జూన్‌లో అడోబీ నియమాల్లో కొన్ని మాటలు మార్చినప్పుడు ప్రపంచమంతా గోల పుట్టింది. వినియోగదారుల బొమ్మలతో ఫైర్‌ఫ్లైకి శిక్షణ ఇవ్వమని కంపెనీ వివరణ ఇచ్చి, నియమాలు మళ్ళీ రాసింది. సరే, నమ్ముదాం. అవ్వ ఫోటో ఇల్లు దాటి ఎక్కడిదాకా వెళ్తోందో తెలుసుకుని నొక్కడం వేరు, తెలియక నొక్కడం వేరు.

ఇంతకీ నాకు అన్నిటికన్నా నచ్చిన మార్పు గురించి ఎవరూ మాట్లాడరు. అది అక్షరాలది. పాత ఫోటోషాప్‌లో తెలుగు యూనికోడ్ టైపు చేస్తే ఒత్తులు విడిపోయి పక్కకి పడేవి. 'అమ్మ' అని కొడితే రెండు మకారాలు పొట్లాడుకున్నట్టు విడివిడిగా నిలబడేవి. తమిళానికీ ఎ, ఒ గుర్తులు చెదిరేవి గానీ, అక్కడ కింద వేలాడే ఒత్తులు లేవు కాబట్టి ఎలాగో చదువుకోవచ్చు. మనకి ఆ దారి కూడా లేదు. అందుకే ఆంధ్రలో డీటీపీవాళ్ళు అను ఫాంట్లతో నెట్టుకొచ్చారు. మన ఊరి స్టూడియోలో ఆ ఫాంట్లు ఎవరు పెడతారు? మొదట సెట్టింగుల్లో దక్షిణాసియా భాషలని ఎంచుకుంటే గానీ సరిగా వచ్చేది కాదు. నాలుగైదేళ్ళ క్రితం అన్ని లిపులకీ ఒకే టెక్స్ట్ ఇంజన్ పెట్టాక ఆ బాధ కూడా పోయింది. నెలనెలా డబ్బు కట్టలేని మనలాంటివాళ్ళకి జింప్ ఉంది, ఉచితం, తెలుగు ఒత్తులు అందులో సరిగానే పడతాయి. 2025 మార్చిలో వచ్చిన 3.0లో ఫిల్టర్ వేసినా అసలు బొమ్మ కింద భద్రంగా ఉంటుంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు ఫిల్టర్ తీసేయొచ్చు. మనకి కావలసింది ఇదే కదా.

అవ్వ వాళ్ళమ్మ ఫోటోని మళ్ళీ స్కాన్ చేశాను. గోడ మీది గీతలు తీశాను, ముఖాన్నీ చీరనీ ముట్టుకోలేదు. కింద రెండంగుళాలు తెల్లటి ఖాళీ పెంచి, తెలుగులో ఇలా టైపు చేశాను: "సుంగుడి చీర, అరక్కు రంగు, మదురై నుంచి తెచ్చినది. చెప్పినది కూతురు." దాని కిందే తమిళంలోనూ వేశాను. లేకపోతే మా అవ్వకే చదవడం రాదు.