వైఫై రాకపోతే కుసూర్ ఎవరిది?

"లైనక్స్‌లో వైఫై రాదు భాయ్. ఐదొందలివ్వండి, విండోస్ ఎక్కించేస్తా." రిపేరు దుకాణంలో నాకు దొరికిన జవాబు ఇది. లైసెన్సు మాటేమిటని అడిగితే నవ్వి, "ఎవరు చూడొచ్చారు?" అన్నాడు.

అమ్మాయి డిగ్రీ చదువు కోసం పాత ల్యాప్‌టాప్ కొని, ఉచితం కదా అని లైనక్స్ మింట్ ఎక్కించాను. వైఫై తప్ప అన్నీ పనిచేశాయి. "అబ్బా, అసైన్‌మెంట్ రేపే పంపాలి" అని అమ్మాయి గాభరా. నేనూ లైనక్స్‌ను బద్నామ్ చేయబోయాను.

అసలు కిస్సా వేరు. చాలా వైఫై కార్డులకు డ్రైవర్ ఒక్కటే చాలదు, ఫర్మ్‌వేర్ అనే ఫైలు కూడా కావాలి. దాని గుట్టు కార్డు తయారుచేసినవాళ్ల దగ్గరే ఉంటుంది. కొందరైతే డ్రైవర్‌ను కూడా గుట్టు విప్పకుండానే ఇస్తారు. లైనక్స్‌ను 1991లో లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెడితే, వేలమంది మెహనత్‌తో పెరిగింది. తయారీదారు దాచినదానికి వీళ్లమీద ఇల్జామ్ వేయడం ఇన్సాఫేనా?

అలాగని లైనక్స్ ఉస్తాదులనూ మాఫ్ చేయను. "డ్రైవర్ డౌన్‌లోడ్ చేసుకో, ఆసాన్" అంటారు. నెట్ లేనివాడు నెట్ కోసం నెట్‌లోకి ఎలా వెళ్తాడు? ఈ తకరారు తేల్చడానికి డెబియన్ వాళ్లకే 2022లో ఓటింగు పెట్టుకోవాల్సి వచ్చింది. 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఫర్మ్‌వేర్‌ను ఇన్‌స్టాలర్‌లోనే కలిపి ఇస్తున్నారు. కొత్తవాడి తక్లీఫ్ అర్థం కావడానికి అన్నేళ్లు పట్టింది!

నేను చేసింది ఇంతే. ముందు టెర్మినల్ తెరిచి "ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్" అని కొట్టాను. హార్డ్ బ్లాక్డ్ పక్కన "యస్" అని ఉంటే ల్యాప్‌టాప్ మీది వైఫై మీట ఆఫ్‌లో ఉందేమో చూసుకోవాలి. నాకు "నో" వచ్చింది. తర్వాత ఫోనును కేబుల్‌తో తగిలించి, ఫోను సెట్టింగుల్లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేశాను. వెంటనే ల్యాప్‌టాప్‌కు నెట్ వచ్చింది. మింట్‌లోని డ్రైవర్ మేనేజర్ తెరిస్తే నా కార్డుకు కావలసిన డ్రైవర్‌ను అదే చూపించింది. ఎక్కించి రీస్టార్ట్ చేశాను. ఇరుగుపొరుగు ఇళ్ల వైఫై పేర్లన్నీ వరసగా కనబడ్డాయి. గంట సబర్ తప్ప పైసా ఖర్చు కాలేదు.

పరాయి సొమ్ము ముట్టవద్దని పిల్లలకు తాలీమ్ ఇస్తాం. మరి దొంగ విండోస్ పరాయి సొమ్ము కాదా? పైగా ఎవరో తాళం పగలగొట్టి ఇచ్చిన కాపీలో ఇంకేం దూర్చారో ఎవరు జమానత్ ఇస్తారు?

ఇకమీదట పాత ల్యాప్‌టాప్ కొనేటప్పుడు లైనక్స్ ఉన్న పెన్‌డ్రైవ్ వెంట తీసుకెళ్లండి. మెషిన్‌లో ఎక్కించకుండానే దాన్నుంచి నడిపి, వైఫై వస్తుందో లేదో అక్కడే చూసుకోవచ్చు. చూడనివ్వని దుకాణదారుకు సలామ్ చెప్పి బయటికి వచ్చేయండి. డబ్బు మనది, అడిగే హక్కు కూడా మనదే.