కలుపు తీసే చేతికి విలువ కట్టకుండ ప్రకృతి వ్యవసాయం ఎట్ల నిలుస్తది?



ప్రకృతి వ్యవసాయంలో ఖర్చు తక్కువ అని మనమందరం చెప్తుంటాం. నిజమే. యూరియా బస్తా కొనం, కలుపు మందు కొనం. కానీ వాటి జాగల ఏం వస్తుంది? మనిషి చెయ్యి వస్తుంది, మనిషి కన్ను వస్తుంది. ఆ చేతికి విలువ ఇయ్యకుండ పెట్టుబడి లేని సాగు అంటే అది సగం మాటే అని నా అభిప్రాయం.

జీవామృతం లెక్క వీడియో చూస్తే 5 నిమిషాల్ల వస్తది. 200 లీటర్ల నీళ్ళు, 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి. చేతి పని మాత్రం చేస్తేనే వస్తది. విత్తన వడ్లకు ఉప్పునీళ్ళు కలిపేటప్పుడు పాత రైతులు కోడిగుడ్డు వేసి చూసేటోళ్ళు. గుడ్డు తేలిందంటే ఉప్పు సరిపోయినట్టు. తేలిన తాలు తీసేసి, మునిగిన గింజను మంచినీళ్ళతో కడిగి బీజామృతం పట్టించాలి.

కలుపు సంగతి ఇంకా గట్టిది. ఊద గడ్డి చిన్నగున్నప్పుడు అచ్చం వరి లెక్కనే ఉంటది. ఆకు కాండానికి అతికే కాడ వరికి తెల్లటి పలుచని పొర ఉంటది, ఊదకు ఉండదు. మనం కూర్చొని వెతికి చూడాల్సిన ఆ తేడాను కలుపు తీసే అక్కలు ముచ్చట పెట్టుకుంటనే పట్టేసి పీకేస్తరు. ఇంత తెలివిని కాగితం మీద ఏమని రాస్తున్నం? 2005ల వచ్చిన ఉపాధి హామీ చట్టం కూడా ఇలాంటి పనిని నైపుణ్యం అక్కర్లేని శారీరక శ్రమ అనే రాసింది.

మన కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల దిక్కు చూడండి. ఎంతమంది గల్ఫ్ పోయిన్రు! అక్కడ ఎండల పార పట్టినా పైసలు పంపుతుండని గౌరవం. అదే పార ఇక్కడ సొంత పొలంల పడితే పిల్లనియ్యడానికి వెనుకాడుతున్నరు. ఇటు మన మడుల్ల నాట్లకు బీహార్, బెంగాల్ నుంచి గుంపులుగా వస్తున్నరు. వచ్చినోళ్ళది తప్పు కాదు, పోయినోళ్ళది తప్పు కాదు. పని దొరికిన కాడికి మనిషి పోతడు. తేడా అంతా మనం చూసే చూపుల ఉంది.

నడుము విరిగే పనిని పొగిడితే నొప్పి పోతదా అని అడగొచ్చు. పోదు. పని తేలిక కావాలె, యంత్రాలు రావాలె. ఆలేరుకు చెందిన చింతకింది మల్లేశం గారు 6వ తరగతితోనే చదువు ఆపిన్రు. ఆసు పోసి పోసి తల్లి భుజం నొప్పితో బాధపడుతుంటే 1999ల ఆసు యంత్రం తయారుచేసిన్రు. 2017ల పద్మశ్రీ వచ్చింది. ఆ పని రోజూ కళ్ళ ముందు చూసినందుకే ఆ యంత్రం కుదిరింది. మన వరికి సరిపోయే కలుపు యంత్రం కూడా బురదల దిగినోళ్ళను అడిగి చేస్తేనే కుదురుతది.

నేను కోరేది మూడే. విత్తనం ఏరడం, కలుపు గుర్తుపట్టడం బాగా తెలిసినోళ్ళకు మామూలు కూలి మీద కొంత ఎక్కువ ఇద్దాం. మందు డబ్బాకు ఆడని బేరం అక్క చేతికి ఎందుకు ఆడాలె? బియ్యం కొనడానికి వచ్చినోళ్ళకు మన పేరుతోపాటు కలుపు తీసినోళ్ళ పేరు కూడా చెప్దాం. మూడోది, పిల్లలను బడి మాన్పించకుండ, సెలవుల్లనే పొలానికి తీసుకపోయి ఆ అక్కల పక్కన నిలబెట్టి నేర్పిద్దాం.

కలుపు మందు ఏ దుకాణంల అయినా దొరుకుతది. ఊదను వేళ్ళతో పట్టే విద్య ఆ తరంతోనే పోతే ఎక్కడా దొరకదు. ఈ వానాకాలం నాట్ల నుంచే మొదలుపెడదాం.