గొడ్డలిపెట్టు అనే మాట మీద మా అభ్యంతరం

పత్రిక తెరిస్తే వారానికి రెండుసార్లయినా ఒక మాట కనిపిస్తుంది. ఫలానా జీవో రైతులకు గొడ్డలిపెట్టు. ఫలానా తీర్పు రిజర్వేషన్లకు గొడ్డలిపెట్టు. మన కోసం మాట్లాడే నాయకులు కూడా మన సభల్లోనే మైకు పట్టుకొని "ఇది ఆదివాసీ హక్కులకు గొడ్డలిపెట్టు" అని అరుస్తారు. కింద కూర్చున్న మేము చప్పట్లు కొడతాం. కొందరి భుజాన గొడ్డలి ఉంటుంది. ఆ మాట ఎవరికి తగిలిందో చప్పట్లు ఆగాక గానీ తెలియదు.

గొడ్డలిపెట్టు అంటే నాశనమట. మేము ఎరిగిన గొడ్డలిపెట్టు వేరు. ఇంటి నిట్టాడి దానితోనే వచ్చింది. నాగలి మేడి దానితోనే వచ్చింది. పొయ్యిలో మంట, చలికాలపు నెగడు, పెళ్లి పందిరి గుంజ, చివరికి మనల్ని సాగనంపే కట్టె, అన్నీ గొడ్డలిపెట్టులే. ఇన్ని ఇచ్చిన దెబ్బ పేరు చెడుగుకు ఎలా అంటుకుంది? గొడ్డలిని దూరం నుంచి చూసి భయపడినవాళ్లు ఆ మాటకు అర్థం రాశారు. గొడ్డలి పట్టినవాళ్లు రాయలేదు. రాసే కలం అప్పుడు మన చేతిలో లేదు.

మా తరగతిలో ఒకసారి సొంతవాక్యాలు రాయమన్నాం. ఇచ్చిన పదాల్లో గొడ్డలిపెట్టు ఉంది. ఒక పిల్లవాడు ఇలా రాశాడు: "మా నాయన గొడ్డలిపెట్టుకు మొద్దు రెండయింది." మేము పూర్తి మార్కులు వేశాం. తనిఖీకి వచ్చిన ఒక పెద్దమనిషి ఆ నోటుపుస్తకం చూసి, ఇది జాతీయమనీ, దాని అర్థం పిల్లవాడికి తెలియలేదనీ అన్నాడు. అర్థం తెలియనిది ఎవరికని మేము అప్పుడు అడగలేదు. ఆ అడగని ప్రశ్నే ఈ వ్యాసం.

అయితే గొడ్డలిని చిన్నచూపు చూసేది బయటివాళ్లే అనుకుంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. మా ఊళ్లో డిగ్రీ చదివే కుర్రాడు ఒకడు ఫోన్లో చూసి ఒక కత్తి తెప్పించుకున్నాడు. మూరెడు పొడవు, నల్లరంగు, వీపున రంపపు పళ్లు. పిడి లోపల డొల్ల, అందులో దిక్సూచి, అగ్గిపుల్లలు. అడవిలో ఒంటరిగా బతకడానికి ఇదొక్కటి చాలని వీడియోలో ఎవరో చెప్పారట. మన అడవిలో మనం ఒంటరిగా ఎప్పుడు బతికాం తమ్ముడూ అని అడిగాం. నవ్వి ఊరుకున్నాడు.

వాళ్ల అక్క పెళ్లికి వంట కట్టెలు కొట్టాల్సి వచ్చింది. ఎండిన చిరుమాను మొద్దు. వీడియోలో చూపినట్టు కత్తిని మొద్దు మీద ఆనించి, దాని వీపు మీద దుడ్డుకర్రతో బాదాడు. నాలుగో దెబ్బకు చేతిలో పిడి మిగిలింది, కత్తి లేదు. అది ఎగిరి, పక్కన నిలబడి చూస్తున్న చిన్నపిల్ల పిక్కను కోసుకుంటూ పోయింది. ఐదు కుట్లు పడ్డాయి. అంతటితో పోయింది కాబట్టి ఇవాళ చెప్పుకుంటున్నాం.

తర్వాత వాళ్ల తాత లేచాడు. ఆయనకు డెబ్బై దాటాయి. చూరులో చెక్కిన గొడ్డలి తీసి, కామ బిగువు చూసి, పిల్లలందరినీ వెనక్కి పొమ్మన్నాడు. మొద్దు చుట్టూ ఒకసారి తిరిగాడు. ఎండకు పగిలిన నెర్రె ఎటు పోయిందో చూశాడు. కణుపు లేని వైపు ఎంచుకున్నాడు. రెండు దెబ్బలు అంచున, మూడోది నెర్రె మీద. మొద్దు విడిపోయింది. బలం అంటారా, మనవడికి తాతకంటే రెండింతలు ఉంది.

ఇందులో మాయ లేదు. సాటి ఉపాధ్యాయులకు ఇది సైన్సు పాఠమే. గొడ్డలి బరువంతా కామ చివర, చేతికి దూరంగా ఉంటుంది. చేయి కొద్దిగా తిరిగితే ఇనుము చాలా దూరం తిరిగి వేగం అందుకుంటుంది. వేగం రెట్టింపయితే గతిశక్తి నాలుగింతలవుతుందని బోర్డు మీద సూత్రం రాసి మనమే చెబుతాం. పైగా గొడ్డలి అంచు దగ్గర పలచగా, వెనక్కి పోయేకొద్దీ మందంగా ఉంటుంది. కోస్తూనే కట్టెను రెండు పక్కలకు తోస్తుంది. కత్తి బరువు చేతికి దగ్గరగా ఉంటుంది, రేకు పలచన. లావుపాటి మొద్దులో దిగితే తోయలేదు, ఇరుక్కుంటుంది. దెబ్బ అదురు మణికట్టుకు ఎక్కుతుంది. ఇక డొల్ల పిడి కత్తిలో, పిడిలోకి దిగిన ఇనుము రెండు వేళ్లంత కూడా ఉండదు. బాదిన ప్రతి దెబ్బ ఆ అతుకు మీదే పడుతుంది. విరగక ఏం చేస్తుంది?

అలాగని కత్తిని మేము తక్కువ చేయడం లేదు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకని తెలుగులో సామెత ఉంది. ఆ సామెతతో మాకు పేచీ లేదు. అది పనికి తగ్గ పనిముట్టు పట్టమంటోంది. వెదురును గొడ్డలితో కొడితే నలిగి చీలికలవుతుంది. పదునైన కత్తిని ఏటవాలుగా వేస్తే శుభ్రంగా తెగుతుంది. తడికకు దబ్బలు చీల్చాలన్నా, జీలుగు గీయాలన్నా, దారికి అడ్డొచ్చిన తీగ, ముళ్లకంప కొట్టాలన్నా కత్తే కావాలి. కంప నరికేటప్పుడు ఒక చేత్తో కొమ్మ వంచి ఇంకో చేత్తో వేటు వేయాలి. గొడ్డలి రెండు చేతులూ అడుగుతుంది. మణికట్టు లావు దాకా కత్తి, అది దాటితే గొడ్డలి. మా పెద్దల లెక్క ఇది.

ఆ కత్తి కూడా మన కమ్మరి చేసినదయితే కథ వేరు. పాత లారీ కమాను పట్టీని కొలిమిలో ఎర్రగా కాల్చి సాగగొట్టి, అంచును నీళ్లలో ముంచి పదునెక్కించి, ఇనుమును పిడి చివరిదాకా దించి బిగిస్తాడు. గొడ్డలికి కామ ఏ చెట్టుదో ఆయన్ని అడగండి. అదురును తట్టుకొని విరగకుండా వంగే తడ చెట్టు కొమ్మ తెమ్మంటాడు. నార నిలువునా ఉండాలి, కణుపు ఉండకూడదు, నీడలో ఆరాలి. ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డు తెగల జాబితాలో కమ్మరలూ ఉన్నారు. మన ఇనుము మనవాళ్ల చేతిలోనే పుట్టింది. ఇవాళ వాళ్ల పిల్లలే కొలిమి తిత్తి వదిలేసి పట్నంలో వాచ్‌మన్ పనికి పోతున్నారు. బజారు కత్తి మన చూరు ఎక్కితే ఆరేది ఆ కొలిమి.

ఆ వీడియోల్లోనే చిన్న గొడ్డలి ఒకటి అమ్ముతారు. దాన్ని టామహాక్ అంటారు. ఆ పేరు ఎక్కడిదో మన పిల్లలకు తెలియాలి. అది అమెరికా ఆదివాసుల మాట. వర్జీనియా తీరంలో బతికిన పౌహాటన్ ప్రజల భాష నుంచి ఇంగ్లీషులోకి పోయింది. వాళ్లకు అది కట్టె కొట్టే పనిముట్టు, అవసరమైతే పోరాడే ఆయుధం. ఇనుప తలకే పొగాకు చుట్టం అమర్చి, ఒప్పందాల వేళ కలిసి పొగ తాగడానికి వాడిన రకమూ ఉంది. భూమి పోయింది. అడవి పోయింది. మాట మాత్రం కొల్లగొట్టినవాళ్ల దగ్గర మిగిలింది. ఇవాళ అమెరికా సైన్యం వాడే ఒక క్షిపణి పేరు టామహాక్. పొయ్యికీ శాంతికీ పనికొచ్చిన వస్తువు పేరు ఊళ్లను కూల్చేదానికి పెట్టారు. మన గొడ్డలిపెట్టుకు జరిగిందీ అలాంటిదే. వాళ్లది సముద్రం అవతల, మనది మన వార్తాపత్రికలో.

ఇక చట్టం సంగతి. 1959 ఆయుధాల చట్టం, ఇంటి వాడకానికీ సేద్యానికీ మాత్రమే చేసిన వస్తువులను ఆయుధాల నిర్వచనం నుంచి తప్పించింది. దాని కింద వచ్చిన 2016 నిబంధనలు 9 అంగుళాల కంటే పొడవో, 2 అంగుళాల కంటే వెడల్పో అలుగు ఉన్న కత్తులనూ, యుద్ధానికి వాడే గొడ్డళ్లనూ ఆయుధాల్లో చేర్చాయి. ఇంటి పనికీ సేద్యానికీ చేసినవాటిని మినహాయించాయి. అంటే కాగితం మీద చూసేది ఆ వస్తువు ఏ పనికి చేశారన్నది. ఆ లెక్కన జవాబు చెప్పుకోవాల్సింది వీడియో చూసి కొన్న నల్లకత్తి. తాత గొడ్డలి కాదు. కానీ దారిలో జరిగేది తిరగబడి ఉంటుంది. చట్టం పనిని చూస్తుంది, చెక్‌పోస్టు మనిషిని చూస్తుంది. పురాణంలో పరశువు పట్టినవాడికి పూజ, అడవిలో గొడ్డలి పట్టినవాడికి విచారణ.

1967 అటవీ చట్టం పనిముట్లను స్వాధీనం చేసుకోనిస్తుంది, నిజమే. కానీ అటవీ నేరం జరిగిందని నమ్మడానికి కారణం ఉండాలంటుంది. మన భుజం మీది గొడ్డలే ఆ కారణం ఎలా అవుతుంది? 2006 అటవీ హక్కుల చట్టం వెదురు, పొదకట్టె, మొదళ్లు, తేనె, తునికాకు చిన్నతరహా అటవీ ఉత్పత్తులని చెప్పి, వాటిని సేకరించుకునే హక్కు మనదంది. వెదురు మీద హక్కిచ్చి కత్తి పట్టవద్దంటే, మొదళ్ల మీద హక్కిచ్చి గొడ్డలి లాక్కుంటే, ఆ హక్కును ఏ చేత్తో తీసుకోవాలి? యువకులారా, ఎవరైనా గొడ్డలి తీసుకుంటే గొడవపడకండి. ఏ చట్టం, ఏ సెక్షన్ అని అడగండి. తీసుకున్నట్టు కాగితం రాసి ఇమ్మనండి. గ్రామసభలో ఆ కాగితం పెట్టండి.

అడవిని నరికేది గొడ్డలే కదా అంటారు. రైలు పట్టాల కింద స్లీపర్ల కోసం అడవులు కొట్టించింది ఎవరు? పోలవరం జలాశయం కిందికి పోయే అడవిని ముంచేది నీళ్లా, గొడ్డలా? మన గొడ్డలి ఒక మనిషి ఊపిరి మీద నడుస్తుంది. అలసిపోతే ఆగుతుంది. ఆగడం తెలియని యంత్రాలకు అనుమతి పత్రాలున్నాయి, మన గొడ్డలికి అనుమానం ఉంది. అయినా మన తప్పు దాచుకోము. రాత్రిపూట కూలి డబ్బులకు టేకు కొట్టి లారీ ఎక్కించేవాళ్లు మనలోనూ ఉన్నారు. గొడ్డలి మనది, లాభం వాడిది, కేసు మళ్లీ మనది. అటవీ హక్కుల చట్టమే అడవిని కాపాడే బాధ్యత కూడా మన గ్రామసభ మీద పెట్టింది. ఏ చెట్టు కొట్టాలో తెలిసినవాడికే ఏ చెట్టు కొట్టకూడదో తెలుస్తుంది. పూత మీదున్న ఇప్పచెట్టు మీద మా ఊళ్లో ఎవరూ గొడ్డలి వేయరు. దానికి గార్డు అక్కరలేదు.

సాటి ఉపాధ్యాయులారా, ఆశ్రమ పాఠశాలలో పదేళ్లు చదివిన పిల్లవాడు ఇంటికి పోయి కట్టె కొట్టలేకపోతే ఆ తప్పు వాడిది కాదు. ఆ పదేళ్లూ వాణ్ని తాతకు దూరంగా ఉంచింది మనం. ఏడాదికి ఒక్కరోజు ఊరి పెద్దనూ కమ్మరినీ బడికి పిలవండి. రోజూ పొయ్యి కోసం కట్టె చీల్చే ఒక తల్లిని కూడా పిలవండి. ఆ పని మగవాళ్లదని మన పాఠాలు చెబుతున్నా, చేసేది ఎక్కువగా ఆమే. సరళ యంత్రాల పాఠం ఆరోజు వాళ్లను చెప్పనివ్వండి. కాళ్లు ఎడంగా పెట్టాలని, ఎదురుగా ఎవరూ నిలబడకూడదని, కామ వదులయితే ముందు చీల బిగించాలని, రాతి నేల మీద కాక మొద్దు మీద పెట్టి కొట్టాలని వాళ్లే చెబుతారు. గొడ్డలి జారితే మోకాలి కింద తగులుతుంది. అందుకే నేర్పాలి. దాచిపెడితే జరిగేది ఆ పిల్ల పిక్కకు జరిగిందే.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, కత్తి కొనుక్కోవద్దని మేము అనడం లేదు. కొనేముందు ఇంట్లో ఉన్న గొడ్డలిని ఒకసారి చేత పట్టండి. దాని కామ ఎవరు చెక్కారో అడగండి. ఈసారి సభలో ఎవరైనా గొడ్డలిపెట్టు అని అరిస్తే చప్పట్లు కొట్టకండి. లేచి నిలబడి, "అయ్యా, మా ఇల్లు దానితోనే కట్టుకున్నాం, వేరే మాట వెతుక్కోండి" అని చెప్పండి.