అతిథులు కాదు, ఆడపడుచులు

నేలపట్టు పక్షుల కేంద్రం గురించి ఎవరు రాసినా "సైబీరియా నుండి వచ్చే విదేశీ అతిథులు" అనే రాస్తారు. మన వ్యాసరచన పోటీల్లోనూ అదే మాట. కానీ నేలపట్టుకు పేరు తెచ్చిన గూడబాతు పరదేశి కాదు. మన దక్షిణాదిలోనే గూళ్లు కట్టే పక్షి. ఈశాన్య రుతుపవనాల వానలకు చెరువు నిండితే, నీళ్లలో నిలిచిన కడప చెట్లపై గుడ్లు పెట్టి పిల్లలను పెంచుతుంది. మేతకు పులికాట్ సరస్సుకు పోయి వస్తుంది. నత్తగుల్ల కొంగలు, నీటికాకులు కూడా ఇక్కడే గూళ్లు కడతాయి. ఇవి చుట్టపుచూపుగా వచ్చినవి కావు, పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపడుచులు.

ఇది మాటల తేడా మాత్రమే కాదు మిత్రులారా! అతిథికి ఏటా పండుగ చేసి పంపిస్తే మన పని తీరిపోతుంది. ఆడపడుచుకు పుట్టింట్లో నీళ్లుండాలి, నీడ ఉండాలి. చెరువు ఎండిన ఏడు పురుడూ లేదు, పుట్టిల్లూ లేదు.

ప్రభుత్వం 1976లో దీన్ని అభయారణ్యంగా ప్రకటించింది. రెట్టలు కలిసిన చెరువు నీరు పైరుకు బలమని ఇక్కడి రైతులకు ఏ పుస్తకమూ చెప్పలేదు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. చదువుకోని పెద్దల ఈ జ్ఞానం ముందు నా పట్టా చిన్నదే అనిపిస్తుంది.

2022 నుండి నేలపట్టు తిరుపతి జిల్లాలో ఉంది. అయినా మనకు దూరం కాలేదు. ప్రతి జనవరిలో హాస్టల్ విద్యార్థులకు ఒక బస్సు వేయమని అధికారులను కోరుతున్నాను. తమ్ముళ్లూ, అక్కడ కేకలు వేయకండి. గూళ్లలో పసిపిల్లలుంటాయి.