ఇరవై నిండిన రాత్రి

మన దేశంలో చాలామందికి పుట్టినరోజులు రెండు. ఒకటి తేదీ ప్రకారం వచ్చేది, రెండవది తిథి ప్రకారం వచ్చేది. మొదటిదానిని బడి పుస్తకంలో వ్రాసుకుంటారు; రెండవదానిని తల్లి గుర్తుంచుకుంటుంది. చాంద్రమాన సంవత్సరం సౌర సంవత్సరంకంటె సుమారు 11 రోజులు చిన్నది. అందువల్ల తిథి, తేదీ ఒకదానికొకటి ఎడమవుతూ, అధికమాసం వచ్చినప్పుడల్లా సర్దుకుంటూ, 19 ఏళ్ళకొకసారి దాదాపు ఒకేచోట కలుసుకుంటాయి. ఈ లెక్క తెలిసి వుండి కూడా ఒక సంవత్సరం నేను మరచిపోయాను. ఆ మరపువల్ల నాకు దొరికిన ఒక మాటను గురించి ఈ నెల పాఠకులతో ముచ్చటించదలచాను.

నేను పుట్టినది 1980 నవంబరు 22న. ఆనాడు కార్తిక పూర్ణిమ. మా ఇంట తిథినాడు అమ్మ తలంటి పరమాన్నం వండేది. తేదీనాడు కొత్త బట్టలు, స్నేహితులకు మిఠాయి. ఆంగ్ల సాహిత్యం ముఖ్యాంశంగా బి.ఏ. చదువుతూ, 2000వ సంవత్సరంలో విద్యార్థుల మార్పిడి పథకం క్రింద ఏడాదిపాటు జపానులోని క్యోటో నగరానికి వెళ్ళాను. అక్కడ ఒక కుటుంబంవారు నన్ను తమ ఇంట వుంచుకున్నారు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళితే ఇంట వుండేది ఎనభై ఏళ్ళ బామ్మగారు. ఆమెకు ఇంగ్లీషు రాదు. నాకు వచ్చిన జపనీసు, అంగడిలో కూరగాయలు కొనడానికి సరిపోయేది.

నవంబరు 22 బుధవారం వచ్చింది. ఊరంతా చెట్ల ఆకులు ఎర్రబారి చూడముచ్చటగా వున్నది. నాకు మాత్రం ఏమీ చూడబుద్ధి కాలేదు. నా పుట్టినరోజని ఎవరికీ చెప్పలేదు. చెప్పి చేయించుకున్న వేడుక వేడుకేనా అన్న అభిమానం. ఇంటి నుంచి టెలిఫోను వస్తుందని ఎదురుచూశాను. ఉదయం రాలేదు, సాయంకాలం రాలేదు. కళ్ళకు దూరమైతే కన్నతల్లి కూడా మరచిపోతుందన్నమాట అనుకున్నాను. ఇరవై ఏళ్ళ వయస్సులో మనస్సు ఎంత త్వరగా తీర్పు చెబుతుందో పాఠకులకు తెలియనిది కాదు.

రాత్రి భోజనానికి పిలిచారు. బల్లమీద ఎర్రటి అన్నం వున్నది. జిగురు బియ్యాన్ని అజుకి అనే ఎర్రని చిన్న గింజలతో కలిపి ఆవిరిమీద వండి, పైన నువ్వులు, ఉప్పు చల్లుతారు. దాని పేరు సెకిహాన్. శుభకార్యాలలో వండే అన్నం. దాని ప్రక్కన తెల్లని మీగడమీద స్ట్రాబెర్రీ పండ్లు పొదిగిన కేకు. నా దరఖాస్తు కాగితంలో తేదీ చూసి, కోడలుగారు గుర్తుపెట్టుకున్నారట. అందరూ కలిసి నాకు తెలిసిన ఇంగ్లీషు పాటనే తమ ఉచ్చారణలో పాడారు. నాకు కన్నీళ్ళు ఆగలేదు. అవి సంతోషంతో వచ్చినవని వారనుకున్నారు. సగం మాత్రమే నిజం.

ఆనాటి వేడుకకు మరొక కారణం కూడా వున్నది. జపానులో అప్పటికి 20 ఏళ్ళు నిండితేనే మేజరు. 2022 ఏప్రిల్ 1 నుంచి దానిని 18కి తగ్గించారు. ఆ ఇరవయ్యవ ఏటికి వారి భాషలో 'హతాచి' అని ప్రత్యేకమైన పేరే వున్నది.

బామ్మగారు మాత్రం నవ్వి, తన చిన్నతనంలో ఎవరికీ విడిగా పుట్టినరోజు వుండేది కాదన్నది. పూర్వం అక్కడ పుట్టగానే ఒక ఏడు లెక్కవేసి, ప్రతి కొత్త సంవత్సరాదికీ అందరికీ ఒక్కసారే మరొక ఏడు కలిపేవారు. నిండిన సంవత్సరాలనే లెక్కించాలని 1902లోనే చట్టం వచ్చినా జనం పాత అలవాటు మానలేదు. 1950 జనవరి 1న అమలులోకి వచ్చిన మరొక చట్టం తరువాతనే కొత్త లెక్క క్రమంగా స్థిరపడింది. "అందరం ఒకే రోజున పెద్దవాళ్ళమయ్యేవాళ్ళం. ఎవరినీ మరచిపోవడమనేది వుండేది కాదు" అన్నది బామ్మగారు. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకున్నది.

తరువాత ఆమె టెలిఫోను నా ముందుకు జరిపి, ముందు మీ అమ్మతో మాట్లాడు అన్నది. అప్పుడు అక్కడ రాత్రి తొమ్మిదిన్నర, మన దేశంలో సాయంత్రం ఆరు.

అమ్మ గొంతు వినగానే నిష్ఠూరమాడాను. అవతల క్షణం నిశ్శబ్దం. "అదేమిటే, నీ పుట్టినరోజు పౌర్ణమినాడే అయిందిగా! 365 వత్తులూ వెలిగించి, నీ పేర ఇంకొకటి వేశాను. ఆ రాత్రే నీకు ఫోను చేశాను. ఎవరో పెద్దావిడ వాళ్ళ భాషలో ఏదో అన్నది. నాకేమి చెప్పాలో తెలియలేదు. నీ పేరు రెండుసార్లు చెప్పి పెట్టేశాను. పోనీలే, అక్కడా అదే చంద్రుడుగా, చూసి వుంటావనుకున్నాను" అన్నది.

ఆ ఏడు కార్తిక పూర్ణిమ నవంబరు 11న, శనివారం వచ్చింది. ఆనాడు నేను తోటి విద్యార్థులతో నారా నగరం చూడబోయి, ప్రొద్దుపోయాక స్టేషను నుంచి నడిచి ఇల్లు చేరాను. తలయెత్తి ఆకాశం చూసిన జ్ఞాపకం లేదు. 1873లోనే చాంద్రమానాన్ని విడిచిపెట్టిన దేశంలో, గోడమీది క్యాలెండరు నాకు గుర్తుచేసే అవకాశమూ లేదు.

ఈ సంగతి బామ్మగారికి వచ్చీరాని భాషలో చెప్పాను. ఆమె నోటిమీద చేయి వేసుకున్నది. ఎవరో స్త్రీ ఫోను చేసిన మాట నిజమేననీ, పొరపాటున తమ నంబరుకు వచ్చిందనుకున్నాననీ చెప్పి, రిసీవరు తీసుకుని, కనిపించని మా అమ్మకు తల వంచి నమస్కరించింది. "ఒకగెసమ దె, హతాచి ని నరిమషిత" అని, అమ్మకు చెప్పమని నావైపు చూసింది.

'కగె' అంటే నీడ. దానికి ముందూ వెనుకా గౌరవం చేర్చిన మాట 'ఒకగెసమ'. మీ నీడన వుండబట్టి ఇరవై ఏళ్ళు నిండాయని ఆమె భావం. అలవాటుచొప్పున మనస్సులో ఇంగ్లీషు వెదికాను. అక్కడ కృతజ్ఞత దొరికింది గాని నీడ దొరకలేదు. అంతలో చిన్నప్పటి నుంచి విన్న మాట దానంతటదే నోటికి వచ్చింది. "అమ్మా, మీ చలవవల్ల ఈ పిల్లకు ఇరవై నిండాయి అంటున్నారు."

అమ్మ వెంటనే, "నాదేముంది? ఇప్పుడంతా ఆవిడ చలవేనని చెప్పు" అన్నది. నేను మళ్ళీ 'ఒకగెసమ' అన్నాను. చలవ అంటే చల్లదనం. చెట్టు నీడన నిలబడినవారికి దక్కేది. అక్కడ నీడ, ఇక్కడ ఆ నీడ ఇచ్చే చల్లదనం. ఒకరి మాట ఒకరికి తెలియని ఇద్దరు స్త్రీలు ఒకే చెట్టు క్రింద నిలబడి మాట్లాడుకున్నట్లయింది. తరువాత జీవనోపాధిగా ఎన్నో పుటలు అనువదించాను. అంత సరిగా కుదిరిన మాటలు తక్కువ.

బామ్మగారు పోయి చాలా ఏళ్ళయింది. అమ్మ 2015లో వెళ్ళిపోయింది. 2018లో నా తిథి, తేదీ ఒక్కరోజు తేడాతో కలిశాయి. ఆ సంగతి చెప్పుకుని మురియడానికి అమ్మ లేదు. ఇప్పుడు కార్తిక పూర్ణిమనాడు వత్తులు నేనే వెలిగిస్తాను; ఆకాశం చూడకుండా నిద్రపోను. నవంబరు 22న ఎవరైనా శుభాకాంక్షలు చెబితే, "మీ చలవ" అంటాను. ఇది పాతకాలపు మాట అని పిల్లలు నవ్వుతారు. నవ్వనీయండి. పుట్టినరోజు మన ఒక్కరి సొత్తు కాదని చెప్పడానికి అంతకంటె మంచి మాట నాకింకా దొరకలేదు.