ఒక్క ముక్కతో తేలని జబ్బు

తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి శ్రీ దామోదర రాజనరసింహ గారికి,

బాగ్ లింగంపల్లిలో ఉంటూ చాలా ఏళ్లుగా చిక్కడపల్లిలో చర్మవ్యాధుల క్లినిక్ నడుపుతున్నాను. ఒంటినిండా దద్దుర్లతో వచ్చేవాళ్లలో ఏ ఒక్కరికో ఉండే చర్మ లింఫోమా గురించి, దాన్ని పట్టుకోవడానికి మన ప్రభుత్వ ఆసుపత్రులు చేయగలిగిన పని గురించి ఈ ఉత్తరం.

ఇది అరుదైన జబ్బు. దురదతో వచ్చేవాళ్లలో దాదాపు అందరికీ ఉండేది తామరో, గజ్జో, ఎగ్జిమానో, సోరియాసిస్సో. ఎవరినీ భయపెట్టడం నా ఉద్దేశం కాదు. టి కణాలనే తెల్లకణాలు చర్మంలో చేరి కేన్సరుగా మారడం చాలావరకు దీని తీరు. ఎక్కువగా కనిపించే రకం మైకోసిస్ ఫంగాయిడిస్. ఫ్రాన్సు వైద్యుడు అలిబెర్ దీన్ని 1806లోనే వర్ణించాడు. అయినా నేటికీ తొలి మచ్చకూ నిర్ధారణకూ మధ్య ఏళ్లు గడిచిపోతున్నాయి. పలు దేశాల కేంద్రాలు కలిసి చేసిన ప్రోక్లిపి అధ్యయనంలో తొలిదశ రోగుల్లో సగం మందికి మూడేళ్లు, అంతకు మించి ఆలస్యమైంది. అన్ని వసతులూ ఉన్న ఆసుపత్రుల సంగతి అది.

మా వీధి చివర ఇస్త్రీ బండి పెట్టుకున్న ఒకామె అనుమతితోనే ఆమె సంగతి రాస్తున్నాను. తొడల మీద, నడుము కింద పొట్టు రాలే మచ్చలు. బొగ్గుల వేడి పడలేదన్నారు కొందరు. వంకాయ, గోంగూర మానెయ్యమన్నారు ఇంకొందరు. మందుల షాపువాళ్లిచ్చిన ట్యూబు రాస్తే తగ్గేవి, మానేస్తే తిరగబెట్టేవి. ఒక ఆసుపత్రిలో చర్మం ముక్క తీసి పరీక్షకు పంపితే 'దీర్ఘకాలిక చర్మశోథ' అని రిపోర్టు వచ్చింది. కేన్సరు లేదని రాసిచ్చారనుకుని ఆమె దాన్ని ప్లాస్టిక్ కవర్లో భద్రంగా దాచుకుంది. ఆ కాగితంలో ఆ మాట ఎక్కడా లేదు. నా దగ్గరకొచ్చేసరికి మచ్చలు దళసరెక్కాయి, గజ్జల్లో బిళ్ళలు కట్టాయి. పూతమందులన్నీ కొన్ని వారాలు ఆపించి, వేర్వేరు చోట్ల ముక్కలు తీయిస్తే అప్పుడు తేలింది.

మొదటి ముక్కలో ఎందుకు తేలలేదంటే, తొలిదశలో చెడ్డ కణాలు కొద్దిగానే ఉంటాయి. వాపుకు వచ్చి చేరిన మామూలు తెల్లకణాల్లో కలిసిపోతాయి. స్టెరాయిడ్ రాస్తున్న చోట ఆ కొద్దీ కనపడవు. అందుకే మందు రెండు నుంచి నాలుగు వారాలు ఆపి, బాగా ముదిరిన మచ్చలు ఎంచుకుని, ఒకచోట కాకుండా రెండు మూడు చోట్ల తీయాలి. మత్తు సూది, నాలుగైదు మిల్లీమీటర్ల ముక్క, ఒక కుట్టు, ఫార్మలిన్ సీసా. ఇంతే పని. దాంతోపాటు వెళ్లే కాగితం మీద 'దద్దుర్లు' అని ఒక్క మాట రాసి పంపితే మైక్రోస్కోపు ముందు కూర్చున్న పాథాలజిస్టు మాత్రం ఏం చేస్తారు? ఎన్నేళ్లుగా ఉంది, ఒంటి మీద ఎక్కడెక్కడ ఉంది, లింఫోమా అనుమానం ఉందా అన్నవి రాస్తే చర్మం పైపొరలోకి చొరబడిన కణాల కోసం వెతుకుతారు. కణాల రకం తేల్చే సీడీ3, సీడీ4, సీడీ7, సీడీ8 పరీక్షలు అడుగుతారు. అప్పటికీ తేలకపోతే ఆ టి కణాలన్నీ ఒకే కణం నుంచి పుట్టాయేమో చూసే జన్యుపరీక్ష ఉంది. వీటిలో ఏదీ ఒంటరిగా చాలదు. రోగి ఒళ్లు చూసినవారు, ముక్క చూసినవారు కలిసి మాట్లాడుకోవాలి.

అసలు ఒళ్లు చూడటమే జరగడం లేదు. ఈ మచ్చలు ఎక్కువగా ఎండ తగలని చోట్ల మొదలవుతాయి: పిరుదులు, తొడల పైభాగం, నడుము, రొమ్ములు. తెర లేని ఓపీ గదిలో, వెనక వరస నిలబడి చూస్తుంటే ఆడవాళ్లు మోచేయి చూపించి వెళ్లిపోతారు. వాళ్లను తప్పుపట్టలేం.

మన ఒంటి రంగు మీద ఎరుపు తేలిగ్గా కనబడదు కూడా. పిల్లల్లో, యువకుల్లో ఈ జబ్బు తెల్లమచ్చలుగా వస్తే శోభి, బొల్లి, కుష్ఠు అనుకుంటారు. కుష్ఠు సర్వేలో ఆశా కార్యకర్తలు మచ్చ మీద స్పర్శ ఉందా అని చూస్తారు. స్పర్శ ఉంటే కుష్ఠు అనుమానం తగ్గుతుంది, సంతోషం. ఆరు నెలలైనా పోని ఆ మచ్చను మళ్లీ ఎవరు చూస్తారు?

అశోక్‌నగర్ హాస్టళ్లలో పోటీపరీక్షలకు చదివే పిల్లలు తామరకు వాడే ట్యూబుల్లోనూ స్టెరాయిడే ఉంటోంది. 2018లో కేంద్రం చాలా స్టెరాయిడ్ పూతమందులను చీటీ ఉంటేనే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. షాపుల్లో చీటీ అడిగేవాళ్లు అరుదు. ఔషధ నియంత్రణ అధికారులను కదిలించగలిగేది మీరే. పూతమందులే కాదు, ఎగ్జిమా అనుకుని డుపిలుమాబ్ అనే మందు ఇచ్చాక దాగి ఉన్న లింఫోమా బయటపడిన సంఘటనలు వైద్యపత్రికల్లో వచ్చాయి. పెద్ద వయసులో కొత్తగా మొదలై లొంగని ఎగ్జిమాకు అలాంటి ఖరీదైన మందు వాడేముందు ముక్క పరీక్ష తప్పనిసరి అని మీ శాఖ చెప్పాలి.

ఆరోగ్యశ్రీ కార్డు పరిమితిని పది లక్షలకు పెంచారు. కాని జబ్బు పేరు తేలాకే ఆ కార్డు అక్కరకొస్తుంది. ఈ రోగులు చితికిపోయేది అంతకుముందే. నారాయణగూడ ప్రివెంటివ్ మెడిసిన్ ఇన్‌స్టిట్యూట్ ఆవరణలో 2018లో ఉచిత పరీక్షల పథకం తెలంగాణ డయాగ్నొస్టిక్స్ మొదలైంది. బస్తీ దవాఖానాలో తీసిన రక్తం అక్కడికి వెళ్తుంది, రిపోర్టు ఫోనుకొస్తుంది. అదే దారిలో ఫార్మలిన్ సీసా కూడా వెళ్లే ఏర్పాటు చేయండి. రెండో ముక్కకూ మూడో ముక్కకూ, సీడీ పరీక్షలకూ రోగి దగ్గర పైసా తీసుకోకూడదు.

ఖర్చుకు జంకనక్కర్లేదు. 103 మంది రోగులపై చేసి 1989లో ప్రచురించిన అధ్యయనంలో, మొదట్లోనే తీవ్రమైన కీమోథెరపీ, రేడియేషన్ ఇచ్చినా ఆయుష్షు పెరగలేదు. తొలిదశకు పూతమందులు, కాంతి చికిత్స సరిపోతాయి. మచ్చలు చర్మంలో పదోవంతు కూడా దాటని దశలో పట్టుకుంటే చాలామంది నిండు ఆయుష్షు బతుకుతారు.

మాకు దగ్గర్లోనే గాంధీ ఆసుపత్రి ఉంది. అక్కడ చర్మవైద్యులు, పాథాలజిస్టులు, ఎంఎన్‌జే కేన్సర్ ఆసుపత్రి వైద్యులు నెలకొక రోజు కలిసి కూర్చుని, తేలని దద్దుర్ల రోగులను చూసే ఏర్పాటు చేయించండి. తెర ఉన్న గది, ఒక నర్సమ్మ, మంచి వెలుతురు ఉంటే మొదలుపెట్టొచ్చు. పిలిస్తే జీతం లేకుండా వచ్చి పనిచేస్తాను.

ఇట్లు,
ఒక చర్మవైద్యురాలు,
బాగ్ లింగంపల్లి, హైదరాబాద్